వెనుక యాక్సిల్ మార్పిడి తర్వాత బ్రేకు లోపాలు: గుర్తింపు, సవరణ

వెనుక యాక్సిల్ హౌసింగ్ వంగినా, పగిలినా, క్రౌన్ పినియన్ అరిగి అరుపు మొదలైనా మొత్తం అసెంబ్లీని మార్చేయడం మన వర్క్‌షాపుల్లో మామూలు. కొత్త అసెంబ్లీ ఖరీదు కాబట్టి విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల పాత బళ్ల నుంచి విప్పిన యాక్సిల్ కొని తెచ్చి బిగించుకునేవారూ ఎక్కువే. బండి కదులుతుంది, అరుపు పోతుంది. కానీ ఒక్కోసారి బ్రేకు మునుపటిలా ఉండదు. పెడల్ మెత్తబడడం, కిందికంటా దిగిపోవడం, చక్రాలు పట్టేయడం, బండి ఒక పక్కకు లాగడం, వెనుక చక్రాలు ముందే లాక్ కావడం, హ్యాండ్ బ్రేకు అందకపోవడం, ఏబీఎస్ దీపం ఆరకపోవడం తరచుగా కనిపించే లక్షణాలు.

ఈ లోపాలను వెతకడానికి ఒక మూలసూత్రం ఉంది. యాక్సిల్ మార్చక ముందు బ్రేకు బాగుండి, మార్చాక చెడిందంటే, తప్పు దాదాపు ఎప్పుడూ ఆ పనిలో విప్పిన చోటనో, కొత్తగా వచ్చిన భాగంలోనో ఉంటుంది. దాన్ని వదిలేసి మాస్టర్ సిలిండర్, బూస్టర్ అంటూ ముందువైపు భాగాలు ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోతే డబ్బు ఖర్చవుతుంది, లోపం అలాగే ఉంటుంది.

యాక్సిల్‌కూ బ్రేకుకూ ఉన్న సంబంధం

మహీంద్రా బొలెరో, టాటా సుమో, టాటా ఏస్ వంటి వెనుక చక్రాలు నడిపే బళ్లలో యాక్సిల్ అంటే ఒట్టి ఇరుసు కాదు. హౌసింగ్, దాని నడుమ డిఫరెన్షియల్, రెండు పక్కలా యాక్సిల్ షాఫ్టులు, చివర బ్యాకింగ్ ప్లేట్లు, వాటి మీద వీల్ సిలిండర్లు, బ్రేకు షూలు, పైన డ్రమ్ములు కలిసి ఒక అసెంబ్లీ. అందువల్ల యాక్సిల్ మార్చడమంటే వెనుక బ్రేకులను కూడా మార్చడమే, లేదా పూర్తిగా విప్పి మళ్లీ కూర్చడమే. స్విఫ్ట్ వంటి ముందు చక్రాలు నడిపే కార్లలో వెనుక డిఫరెన్షియల్ ఉండదు. అయినా ప్రమాదంలో వంగిన వెనుక బీమును మార్చినప్పుడు బ్రేకు విషయంలో దాదాపు ఇవే సమస్యలు వస్తాయి.

డ్రమ్ బ్రేకును ఈనాటి రూపానికి తెచ్చినవాడిగా ఫ్రాన్సుకు చెందిన లూయీ రెనోను చెబుతారు. అది 1902 నాటి మాట. ద్రవ పీడనంతో నాలుగు చక్రాలకూ పనిచేసే బ్రేకు అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ మోడల్ ఏ కారుతో 1921లో మార్కెట్లోకి వచ్చింది. మూసి ఉన్న ద్రవంలో ఒకచోట పెట్టిన పీడనం అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుందన్న పాస్కల్ సూత్రమే దీనికి ఆధారం. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోతున్న రెండు టన్నుల బండిలో 4 లక్షల జౌళ్ల గతిశక్తి ఉంటుంది. బండి ఆగాలంటే ఆ శక్తిలో అత్యధిక భాగాన్ని బ్రేకులు రాపిడితో వేడిగా మార్చేయాలి.

యాక్సిల్‌ను దించేటప్పుడు బాడీకీ దానికీ మధ్య సాధారణంగా బ్రేకు మీద ప్రభావం చూపే ఆరు సంబంధాలు తెగుతాయి. ఛాసిస్ నుంచి వచ్చే రబ్బరు హోస్, హౌసింగ్ మీద పోయే స్టీలు పైపులు, హ్యాండ్ బ్రేకు కేబుళ్లు, బరువును బట్టి పీడనాన్ని సవరించే వాల్వు కడ్డీ, ఏబీఎస్ సెన్సర్ల తీగలు, హౌసింగ్ గాలిగొట్టమైన బ్రీదర్. అన్ని బళ్లలోనూ ఆరూ ఉండకపోవచ్చు. ఉన్నవాటిలో ప్రతి ఒక్కటీ ఒక ప్రత్యేకమైన లోపానికి కారణం కాగలదు. లక్షణాన్ని చూసి ఏ సంబంధం సరిగా కలవలేదో చెప్పగలగడమే ఈ పనిలో నైపుణ్యం.

పెడల్ మెత్తగా ఉండడం

పెడల్ తొక్కితే స్పాంజిలా మెత్తగా తగలడం, పంపు కొడితే కొంచెం గట్టిపడడం లైనులో గాలి ఉందనడానికి గుర్తు. ద్రవం నొక్కుకుపోదు, గాలి నొక్కుకుపోతుంది. కాలి బలం బుడగలను కుదించడానికే ఖర్చయి షూలదాకా పోదు. హోస్ విప్పినప్పుడు గాలి చేరడం సహజం. దాన్ని పూర్తిగా బయటికి తీయకపోవడమే లోపం.

గాలి తీసేటప్పుడు సాధారణంగా మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికన్నా దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెడతారు. మన దేశంలో స్టీరింగ్ కుడివైపు ఉంటుంది కాబట్టి చాలా బళ్లలో అది వెనుక ఎడమ చక్రం. తర్వాత వెనుక కుడి, ముందు ఎడమ, చివరగా ముందు కుడి. బ్రేకు లైను ఐమూలగా రెండుగా విడిపోయే ముందు చక్రాల డ్రైవ్ కార్లలో ఈ వరుస మారవచ్చు. కంపెనీ మాన్యువల్‌నే పాటించాలి.

పనికి ఇద్దరు కావాలి. ఒకరు సీట్లో కూర్చుని పెడల్‌ను మూడు నాలుగుసార్లు నిదానంగా కొట్టి, తొక్కి పట్టుకుంటారు. చక్రం దగ్గరున్నవారు గాలి తీసే నిపుల్‌కు పారదర్శకమైన గొట్టం తొడిగి, దాని రెండో కొసను బ్రేకు ఆయిల్ ఉన్న సీసాలో ముంచి, నిపుల్‌ను పావు చుట్టు నుంచి అర చుట్టు వరకు తెరుస్తారు. బుడగలతో కలిసి ఆయిల్ వస్తుంది, పెడల్ దిగుతుంది. కాలు తీయకముందే నిపుల్ మూసేయాలి. ముందు కాలు తీస్తే లైను గాలిని మళ్లీ లోపలికి పీల్చుకుంటుంది. గొట్టంలో బుడగ కనిపించనంత వరకు ఇదే పని. ఈలోగా పైన ట్యాంకులో ఆయిల్ అడుగంటకుండా చూడాలి, బయటికి వచ్చిన ఆయిల్‌ను తిరిగి పోయకూడదు.

ఎంత తీసినా గాలి పోవడం లేదంటే మూడు విషయాలు చూడాలి. మొదటిది, వీల్ సిలిండర్లో గాని కాలిపర్‌లో గాని నిపుల్ అన్నిటికన్నా పైన ఉండాలి. కుడి ఎడమలు తారుమారైతే నిపుల్ కిందికి వచ్చి, పైన చేరిన గాలికి దారి ఉండదు. రెండోది, బరువు వాల్వు ఉన్న బండిని ఛాసిస్ పట్టి పైకెత్తితే యాక్సిల్ వేలాడి, బండి ఖాళీగా ఉందని వాల్వు వెనుక లైనును కుదిస్తుంది. చక్రాల మీద బరువు ఉంచి గాలి తీయాలి. కొన్ని వాల్వులకు సొంత నిపుల్ కూడా ఉంటుంది. మూడోది, ఏబీఎస్ మాడ్యులేటర్లోకి గాలి చేరితే స్కానర్‌తో దాని లోపలి వాల్వులను ఆడించాల్సి ఉంటుంది.

పాత బండిలో పెడల్‌ను నేలకంటా తొక్కి గాలి తీయడం వల్ల మరో ప్రమాదం ఉంది. మాస్టర్ సిలిండర్లో రోజూ కదలని భాగంలో తుప్పు, మడ్డి పేరుకుని ఉంటాయి. రబ్బరు కప్పులు మొదటిసారి అక్కడిదాకా పోయి చీరుకుంటాయి. పెడల్ కింద చెక్కముక్క పెట్టి దాని ప్రయాణాన్ని అడ్డుకుంటే ఈ నష్టం ఉండదు.

పెడల్ కిందికి దిగిపోవడం

మొదటి తొక్కుకు పెడల్ చాలా కిందికి పోయి, వెంటనే రెండోసారి తొక్కితే పైన గట్టిగా అందుతుంటే షూలకూ డ్రమ్ముకూ మధ్య సందు ఎక్కువైందని అర్థం. డ్రమ్ము ఒక బండిదీ షూలు మరొక బండివీ అయినప్పుడు, లేక అడ్జస్టర్‌ను పూర్తిగా వదులు చేసి బిగించి మరిచిపోయినప్పుడు ఇలా అవుతుంది. చక్రాన్ని చేత్తో తిప్పుతూ అడ్జస్టర్ నక్షత్రచక్రాన్ని బిగించి, షూ డ్రమ్ముకు తగిలి ఆగేదాకా తెచ్చి, కొద్దిగా వదలాలి. చక్రం స్వేచ్ఛగా తిరుగుతూ ఎక్కడో సన్నగా రాపిడి వినబడితే సరిపోతుంది. తనంతట తాను బిగుసుకునే అడ్జస్టర్ల మర కుడికీ ఎడమకూ వేరుగా ఉంటుంది. అవి తారుమారైతే నడిచేకొద్దీ బిగుసుకోవాల్సినవి పనిచేయవు, లేదా వదులవుతాయి.

పెడల్ మీద కాలు ఉంచినంతసేపూ నెమ్మదిగా దిగుతూ ఉంటే ఎక్కడో కారుతోంది. హౌసింగ్ మీది పైపు నట్లను ముందుగా చూడాలి. పైపు చివర రేకు విచ్చిన ఆకారాలు రెండు రకాలు. ఒకదానికి చెందిన పైపును మరొకదాని గూట్లో బిగిస్తే ఎంత బిగించినా ఆయిల్ చెమ్మ ఆగదు. మరలోనూ మోసం ఉంది. 10 మిల్లీమీటర్ల వ్యాసం, 1 మిల్లీమీటరు పిచ్ ఉన్న మెట్రిక్ నట్టూ, అంగుళంలో మూడెనిమిదో వంతు వ్యాసంతో అంగుళానికి 24 చుట్లున్న నట్టూ చూడడానికి ఒకలాగే ఉంటాయి. ఒకటి రెండు చుట్లు ఎక్కినట్టే ఎక్కి, తర్వాత మర కోసేస్తాయి. రాగి వాషర్లు ఉన్నచోట ప్రతిసారీ కొత్తవే వేయాలి. బయట ఎక్కడా కారడం లేకుండా పెడల్ దిగుతుంటే మాస్టర్ సిలిండర్ లోపల కప్పులు పోయినట్టు.

పెడల్ గట్టిగా ఉన్నా బండి ఆగకపోవడం

ఇది ప్రమాదకరమైన లక్షణం. ఇంజిన్ ఆపి నాలుగైదుసార్లు పెడల్ కొట్టి, గట్టిపడ్డాక కాలు అలాగే ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగకపోతే బూస్టర్‌కు వాక్యూమ్ అందడం లేదు. దిగితే బూస్టర్ బాగానే ఉంది, చూడవలసింది షూల మీది లైనర్లను.

యాక్సిల్ మార్చాక లైనర్లు పనిచేయకపోవడానికి ప్రధాన కారణం గేర్ ఆయిల్. షాఫ్టు చివరి సీలు బిగించేటప్పుడు అంచు మడతపడినా, షాఫ్టు మీద గీత ఉన్నా ఆయిల్ డ్రమ్ములోకి కారుతుంది. సీలు కొత్తదైనా కారుతోందంటే బ్రీదర్‌ను చూడాలి. నడిచేటప్పుడు హౌసింగ్‌లో గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది. రంగు పూసినప్పుడు మూసుకుపోయిన బ్రీదరో, రవాణా కోసం పెట్టి తీయడం మరిచిన మూతో ఉంటే ఆ పీడనం సీలు గుండా ఆయిల్‌ను బయటికి నెడుతుంది. ఆయిల్ నింపే రంధ్రం కింది అంచును దాటి పోసినా ఇదే ఫలితం. ఎన్ని సీళ్లు మార్చినా బ్రీదర్ తెరవనిదే కారడం ఆగదు.

ఆయిల్ పీల్చిన లైనర్‌ను పెట్రోలుతో కడిగో, కాల్చో, గరుకు కాగితంతో రుద్దో వాడుకోవడం చాలాచోట్ల చూస్తాం. ఇది చేయకూడని పని. లోపల ఇంకిన నూనె వేడికి మళ్లీ పైకి వస్తుంది. యాక్సిల్ రెండు పక్కలా షూలు మార్చడమే మార్గం. వీల్ సిలిండర్ రబ్బర్లను డీజిలుతోనో కిరోసిన్‌తోనో కడగడమూ తప్పే. గ్లైకాల్ బ్రేకు ఆయిల్‌కు సరిపడే ఆ రబ్బరు, పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బి పట్టేస్తుంది. వాటిని కొత్త బ్రేకు ఆయిల్‌తోనో, రబ్బరుకు హాని చేయని బ్రేకు క్లీనర్‌తోనో కడగాలి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి డ్రమ్ములోని పొడిని కంప్రెసర్ గాలితో ఊదరాదు, తడిపి తుడవాలి.

చక్రాలు పట్టేయడం, వేడెక్కడం

కాలు తీసినా చక్రం వదలకపోతే ముందు నిపుల్ తెరిచి చూడాలి. ఆయిల్ చిమ్మి చక్రం వదిలితే లైనులో పీడనం చిక్కుకుంది. వదలకపోతే తప్పు షూలలోనో కేబుల్లోనో ఉంది.

పీడనం చిక్కుకోవడానికి ఒక కారణం పాత రబ్బరు హోస్. యాక్సిల్ దించేటప్పుడు హోస్‌ను విప్పకుండా దాని మీద బరువు వేలాడదీస్తే లోపలి పొర చిరుగుతుంది. ఆ చిరుగు ఒకవైపే తెరుచుకునే తలుపులా పనిచేస్తుంది: తొక్కినప్పుడు ఆయిల్ పోతుంది, వదిలినప్పుడు వెనక్కి రాదు. హోస్ బయటికి కొత్తదానిలా కనబడుతూనే ఉంటుంది. యాక్సిల్ మార్చేటప్పుడే హోస్ కూడా మార్చడం మంచి పద్ధతి.

హ్యాండ్ బ్రేకు కేబుల్ మోడల్ మారితే పొడవూ మారుతుంది. పొట్టి కేబుల్ బిగుసుకుని షూలను ఎప్పుడూ కొంచెం తెరిచి ఉంచుతుంది. అందుకే ముందు షూలు సరిచేసి, తర్వాతే కేబుల్ బిగించాలి. ఈ వరుస తప్పితే అడ్జస్టర్ సరిగా పనిచేయదు.

పట్టేసిన బ్రేకు వేడిని ఆయిల్‌కు ఎక్కిస్తుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు; 3.7 శాతం తేమ పీల్చాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4కు ఇవే అంకెలు 230, 155. ఆయిల్ మరిగితే ఆవిరి పుడుతుంది, పెడల్ నేలకు తగులుతుంది. శ్రీశైలం, అరకు, మారేడుమిల్లి ఘాట్లలో దిగుతుండగా ఇలా జరిగితే తప్పించుకోవడం కష్టం. పట్టేసిన బ్రేకుతో కొండ రోడ్డు ఎక్కకూడదు.

ఒక పక్కకు లాగడం, వెనుక చక్రాలు లాక్ కావడం

ఒక పక్క లైనర్‌కు నూనె తగిలినా, రెండు డ్రమ్ముల వ్యాసాలు వేరైనా బ్రేకు వేసినప్పుడు తోక పక్కకు తిరుగుతుంది. బ్రేకు వేయకపోయినా బండి వాలుగా నడుస్తుంటే యాక్సిల్ తిన్నగా కూర్చోలేదు. కమాను కట్ట నడిమి బోల్టు తల హౌసింగ్ గూట్లో సరిగా దిగిందో లేదో, యూ బోల్టులు నిర్దేశించిన బిగువులో ఉన్నాయో లేదో చూడాలి.

బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు మళ్లుతుంది, వెనుక చక్రాలు తేలికవుతాయి. అందుకే వెనుకకు పోయే పీడనాన్ని తగ్గించే వాల్వు ఉంటుంది. పికప్‌లలో, వ్యాన్లలో అది ఒక కడ్డీతో యాక్సిల్‌కు కలిసి, కమాన్లు ఎంత కుంగాయో చూసి బరువును అంచనా వేస్తుంది. కడ్డీ వంగినా, బ్రాకెట్ ఎత్తు మారినా ఆ లెక్క తప్పుతుంది. ఖాళీ బండిని నిండు బండిగా లెక్కవేస్తే వెనుక చక్రాలు లాకై బండి తిరిగిపోతుంది. నిండు బండిని ఖాళీగా లెక్కవేస్తే భారమంతా ముందు బ్రేకుల మీద పడుతుంది. విప్పేముందు కడ్డీ పొడవును కొలిచి రాసుకుంటే ఈ తిప్పలుండవు.

రెండో కారణం వీల్ సిలిండర్ బోరు. బలం వ్యాసపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ముప్పావు అంగుళం సిలిండర్ స్థానంలో అంగుళంలో ఏడెనిమిదో వంతుది వస్తే బలం 36 శాతం పెరుగుతుంది, కావలసిన ఆయిల్ కూడా అంతే పెరుగుతుంది. అంటే పెడల్ దిగుతుంది, వెనుక చక్రాలు ముందే లాకవుతాయి. చూపుకు తేడా తెలియదు కాబట్టి కొలిచే బిగించాలి.

అదురు, ఏబీఎస్ లోపాలు

పెడల్ అదరడానికి డ్రమ్ము గుండ్రదనం తప్పడం, హబ్బు మీది తుప్పు గీకకుండా డ్రమ్ము కూర్చోబెట్టడం, యాక్సిల్ ఫ్లాంజ్ వంగడం కారణాలు. డయల్ గేజ్ పెడితే ఏదో తేలిపోతుంది.

ఏబీఎస్ ఉన్న బండిలో ప్రతి చక్రం వేగాన్నీ పళ్ల రింగు దగ్గరున్న సెన్సర్ చెబుతుంది. వేరే మోడల్ యాక్సిల్‌లో పళ్ల సంఖ్య మారవచ్చు. పళ్లు తగ్గితే వెనుక చక్రాలు నెమ్మదిగా తిరుగుతున్నాయని కంప్యూటర్ పొరబడి, పొడి రోడ్డు మీద కూడా ఆగబోయే సమయంలో పెడల్‌ను అదరగొట్టి పీడనం వదిలేస్తుంది. సెన్సర్ కొన మీద ఇనుపరజను చేరినా, రింగు పగిలినా ఇదే లక్షణం. 1987 ఫోర్డ్ ఎఫ్-150లో వచ్చిన వెనుక చక్రాల యాంటీలాక్ వ్యవస్థకు సెన్సర్ డిఫరెన్షియల్ మీదే ఉండేది. అటువంటి బళ్లలో డిఫరెన్షియల్ విప్పిన ప్రతిసారీ ఆ రింగునూ చూడాల్సిందే.

డ్రమ్ నుంచి డిస్క్‌కు: జీప్ చెరోకీ ఉదాహరణ

1984 నుంచి 2001 వరకు అమెరికాలో తయారైన జీప్ చెరోకీలో చాలా బళ్లకు డానా 35 వెనుక యాక్సిల్ ఉండేది. దాని స్థానంలో 1995–2001 ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ 8.8 అంగుళాల యాక్సిల్ పెట్టుకోవడం అక్కడి ఔత్సాహికుల్లో బాగా వ్యాపించింది. అది దృఢమైనది, డిస్క్ బ్రేకులున్నది, చక్రం బోల్టుల అమరిక కూడా సరిపోతుంది. అయితే ముందు షూ తిరిగే డ్రమ్ముతో కలిసి తనంతట తాను బిగుసుకోవడం డ్రమ్ బ్రేకు లక్షణం. డిస్క్‌కు ఆ సాయం లేదు, ఎక్కువ పీడనం కావాలి. డ్రమ్ముల కోసం కుదించిన పాత వాల్వుతో వెనుక బ్రేకు బలహీనంగా ఉంటుంది. అందుకే చాలామంది వెనుక డిస్క్ ఉన్న గ్రాండ్ చెరోకీ వాల్వు భాగాలను తెచ్చి వేశారు. డ్రమ్ వ్యవస్థల్లో లైనులో కొద్దిపాటి పీడనం నిలిపి ఉంచే వాల్వు ఉంటే, అది డిస్క్ ప్యాడ్లను వదలనివ్వదు. యాక్సిల్ మారితే వ్యవస్థ అంతా దానికి తగ్గట్టు మారాలని ఈ ఉదాహరణ చెబుతోంది.

ఎయిర్ బ్రేకు లారీలు

లారీల్లో, బస్సుల్లో ఆయిల్‌కు బదులు గాలి పీడనం చాంబర్‌ను నెడుతుంది. పుష్‌రాడ్ స్లాక్ అడ్జస్టర్‌ను తిప్పుతుంది. ఎస్ ఆకారపు క్యామ్ షూలను తెరుస్తుంది. ఇక్కడ గాలి ఉండడం లోపం కాదు, ప్రయాణం పెరగడం లోపం. 30 చదరపు అంగుళాల మామూలు చాంబర్‌కు పుష్‌రాడ్ ప్రయాణం 2 అంగుళాలు దాటకూడదు. బ్రేకు వేసినప్పుడు రాడ్డుకూ అడ్జస్టర్‌కూ మధ్య కోణం 90 డిగ్రీలకు దగ్గరగా ఉండాలి. క్యామ్‌లు కుడి ఎడమలకు వేర్వేరు. సర్వీసు, పార్కింగ్ హోసులు తారుమారైతే బ్రేకు వదలదు. పార్కింగ్ చాంబర్లోని స్ప్రింగు ప్రాణాలు తీసేంత బలంతో బిగిసి ఉంటుంది. బోల్టుతో బంధించకుండా దాన్ని కదపకూడదు. చాంబర్‌ను అసలు విప్పకూడదు.

వెతికే క్రమం, పరీక్ష

ముందు కంటితో చూడాలి: కారడం, చెమ్మ, వేలాడే తీగ, రాసుకునే హోస్. తర్వాత హోస్ క్లాంపుతో వెనుక హోస్‌ను జాగ్రత్తగా మూసి పెడల్ తొక్కాలి. అది గట్టిపడితే లోపం యాక్సిల్ వైపు ఉంది; మార్పు లేకపోతే ముందువైపు. ఈ ఒక్క పరీక్ష సగం వెతుకులాటను తప్పిస్తుంది. హోస్‌లో లోహపు అల్లిక ఉంటే క్లాంపు వాడకుండా పైపు చివర బిరడా బిగించి చూస్తారు. తర్వాత చక్రాలెత్తి చేత్తో తిప్పి చూడాలి, హ్యాండ్ బ్రేకు పరీక్షించాలి.

రోడ్డు పరీక్ష ఖాళీ స్థలంలో నడక వేగంతో మొదలై, క్రమంగా పెరగాలి. కొన్ని కిలోమీటర్ల తర్వాత నాలుగు చక్రాల బ్రేకుల వేడిని ఉష్ణమాపకంతో పోల్చాలి. వెనుక రెండింటి మధ్య తేడా ఎక్కువగా ఉంటే పని పూర్తి కానట్టే. రోలర్ బ్రేకు టెస్టర్ అందుబాటులో ఉంటే కుడి ఎడమల బలాన్ని అంకెల్లో చూపుతుంది.

కేంద్ర మోటారు వాహనాల నియమావళి 1989లోని 96వ నియమం బ్రేకుల గురించి చెబుతుంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ బండి నిర్మాణంలో మార్పులను నియంత్రిస్తుంది. రవాణా వాహనాలకు 56వ సెక్షన్ కింద ఫిట్‌నెస్ ధ్రువపత్రం తప్పనిసరి. అదే మోడల్ యాక్సిల్ వేయడం మరమ్మతు, వేరే రకం వేయడం మార్పు. ఈ తేడా యజమాని తెలుసుకుని ఉండాలి.

యాక్సిల్ కొనేముందే పాతదాన్ని పక్కన పెట్టి వీల్ సిలిండర్ బోరు, డ్రమ్ము వ్యాసం, షూ వెడల్పు, కేబుల్ పొడవు, సెన్సర్ రింగు పళ్లు కొలిచి పోల్చాలి. ఆ పని చేస్తే ఈ వ్యాసంలో చెప్పిన లోపాల్లో చాలావాటికి తావే ఉండదు. పని ముగిశాక పెడల్ గట్టిగా, పైన, ప్రతిసారీ ఒకేచోట అందేదాకా బండిని మెకానిక్ ఇవ్వకూడదు, యజమాని తీసుకోకూడదు.